మీకు తెలుసా? యాంటెన్నా ఊగితే తప్పు యాంటెన్నాది కాకపోవచ్చు

చేతి రేడియో స్కానర్‌లో యాంటెన్నా కదిపినప్పుడల్లా మాటలు తెగిపోతుంటే చాలామంది ముందుగా కొత్త యాంటెన్నా కొంటారు. లోపం తరచూ దాని కిందున్న కనెక్టర్‌లో ఉంటుంది.

యూనిడెన్ బీసీ125ఏటీ లాంటి స్కానర్లకు ఉండేది బీఎన్‌సీ కనెక్టర్. నొక్కి పావు చుట్టు తిప్పితే బిగుసుకుంటుంది. విమానాల సంభాషణలు సాగే 118–137 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు పావు తరంగం యాంటెన్నా పొడవు దాదాపు 60 సెంటీమీటర్లు. అంత పొడవున్నది ఊగిన ప్రతిసారీ భారమంతా కనెక్టర్ మొదట్లోనే పడుతుంది. కనెక్టర్‌ను స్కానర్ పెట్టెకు బిగించే నట్ వదులైతే కనెక్టర్ అటూఇటూ తిరిగి, మధ్య పిన్నును సర్క్యూట్ బోర్డుకు కలిపే టంకం చిట్లుతుంది.

బయటి నుంచి నట్ ఒక్కటే గట్టిగా తిప్పకండి. కనెక్టర్ మొత్తం తిరిగి లోపలి అతుకు పూర్తిగా తెగవచ్చు. బ్యాటరీలు తీసి, వెనక మూత విప్పి, కనెక్టర్‌ను కదలకుండా పట్టుకుని బిగించాలి. పిన్ను చుట్టూ సన్నని వలయంలా పగులు కనిపిస్తే కాస్త ఫ్లక్స్ పూసి, సన్నమొన సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ అతకాలి. అసలు ప్రమాదం ఇక్కడే: వేడి ఎక్కువసేపు తగిలితే బోర్డు మీది రాగి పొర లేచిపోతుంది. మూత పెట్టేముందు పిన్నుకూ బోర్డు మీది రాగి దారికీ మధ్య కరెంటు పారుతోందో లేదో మల్టీమీటర్‌తో చూసుకోండి.