రెండు కాళ్ళు రైఫిల్‌వి, మూడోది మీ భుజం

వినండర్రా! ఇవాళ తుపాకీ కబుర్లు. కంగారు పడకండి, యుద్ధాలూ వేటలూ కావు. ఇంచుమించు కిలోమీటరు దూరాన నిలబెట్టిన అట్ట మీద వలయాలుంటాయి. నేల మీద బోర్లా పడుకుని, వాటి నడిమధ్యన తూటా దించాలి. అదొక ఆట. దాంట్లో రైఫిల్ ముందుభాగం కింద రెండు కాళ్ళు బిగిస్తారు. ఆ కాళ్ళ జతనే బైపాడ్ అంటారు. ఎలాంటి బైపాడ్ కొనాలన్న దగ్గర మీరు బళ్ళో చదివే ఫిజిక్సు సగం పనికొస్తుంది.

ఈ ఆటకు దారి వేసిందెవరో తెలుసా? నాలాంటి పెద్దాయనే! కెనడాలో జార్జ్ ఫార్కహర్సన్ అని ఒకాయన. పాత పద్ధతి పోటీల్లో రైఫిల్‌కి ఏ ఊతా ఉండకూడదు. తోలుపట్టీ చేతికి బిగించుకుని, మోచేతులు నేలకు ఆనించి గురి పెట్టాలి. టెలిస్కోపు కూడా ఉండదు. వయసు మీద పడ్డాక చెయ్యి వణుకుతుంది, చూపు ఆనదు. అంతమాత్రాన ఆట మానేసి ఇంట్లో కూర్చోవాలా? టెలిస్కోపు పెట్టుకోనివ్వండి, కింద ఊత పెట్టుకోనివ్వండి అని ఆయన పట్టుబట్టాడు. అలా పుట్టిన పోటీకి ఆయన ఇంటిపేరులోని మొదటి అక్షరమే మిగిలింది, ఎఫ్-క్లాస్ అని. ఇప్పుడు కుర్రాళ్ళూ ఎగబడి ఆడుతున్నారు. ఇంగ్లండులో బిస్లీ మైదానంలో ప్రపంచ పోటీలు కూడా జరిగాయి.

మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు కదా, అది వేరే ఆట. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, నిలబడి కొట్టాలి, ఊత మాటే ఎత్తకూడదు. ఎఫ్-క్లాస్‌లో మాత్రం ఎఫ్-టీఆర్ అనే విభాగం ఉంది. అందులో .308 విన్‌చెస్టర్, .223 రెమింగ్టన్ తూటాలే వాడాలి, ఊతగా బైపాడ్ పెట్టుకోవచ్చు. టెలిస్కోపూ బైపాడూ అన్నీ కలిపి రైఫిల్ 8.25 కిలోలు దాటకూడదు.

ఇక అసలు సంగతికొద్దాం. బైపాడ్ దేనికర్రా? "రైఫిల్ కదలకుండా ఉండటానికి" అంటారు ఎవరిని అడిగినా. గురి పెట్టేంతవరకూ ఆ మాట నిజమే. ట్రిగ్గర్ నొక్కాక ఎంత మంచి బైపాడ్ అయినా రైఫిల్‌ని కదలకుండా ఆపలేదు. ఎందుకో లెక్క వేద్దాం. తూటా బరువు 11 గ్రాముల పైచిలుకు. రైఫిల్ ఎనిమిది కిలోల పైమాటే. అంటే తూటాకి ఏడువందల రెట్లకు మించి. న్యూటన్ చెప్పిన ప్రకారం తూటా ముందుకు పోతుంటే రైఫిల్ వెనక్కి రావాల్సిందే, కాకపోతే ఏడువందల రెట్లు తక్కువగా. తూటా బారెల్లో 70 సెంటీమీటర్లు ప్రయాణించేసరికి రైఫిల్ సుమారు ఒక మిల్లీమీటరు వెనక్కి జరుగుతుంది. అంటే తూటా ఇంకా గొట్టం దాటకముందే రైఫిల్ కదిలిపోయింది! ఇదంతా సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా జరిగిపోతుంది. మీ చెయ్యి గాని, మెదడు గాని అడ్డుపడటానికి ఆ వ్యవధి చాలదు.

కాబట్టి ఆ మిల్లీమీటరు కదలిక ప్రతిసారీ ఒకే తీరుగా ఉండాలి. తిన్నగా, నేరుగా వెనక్కి రావాలి. ఒకసారి ఎడమకు, ఒకసారి పైకి పోతే తూటాలు చెల్లాచెదురవుతాయి. బైపాడ్ ఎంపికంతా ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది. రైఫిల్‌ని కట్టిపడేసేది కాదు, ఏ తూటాకీ తేడా రాకుండా ఒకేలా కదలనిచ్చేది కొనాలి.

"మరి రెండు కాళ్ళే ఎందుకు తాతయ్యా, నాలుగు పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?" అంటారు మీరు. పాలు పితికేటప్పుడు మీ నాయనమ్మ కూర్చునే ముక్కాలి పీట చూశారుగా! నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా అది టకటకమనదు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలం మీద ఉంటాయి, నాలుగోది చేరితేనే పేచీ. రైఫిల్‌కి ముందు రెండు కాళ్ళు బైపాడ్‌వి, వెనక మూడోది మీ భుజం, రైఫిల్ వెనక కొస కింద పెట్టే చిన్న ఇసుక సంచి.

ఈ మూడోకాలి సంగతి చాలామంది పట్టించుకోరు. బైపాడ్‌కీ వెనక సంచికీ మధ్య దూరం మీటరు అనుకోండి. సంచి ఒక వెంట్రుక మందాన, అంటే మిల్లీమీటరులో పదో వంతు అణిగిందనుకోండి. రైఫిల్ పదివేలకు ఒక వంతు వాలుతుంది. 1,000 గజాల దూరంలో, అంటే 914 మీటర్ల దగ్గర, అది 9 సెంటీమీటర్ల తేడా! అదే బైపాడ్‌ని మరీ వెనక్కి బిగించి దూరాన్ని 75 సెంటీమీటర్లకు కుదిస్తే తేడా 12 సెంటీమీటర్లవుతుంది. అందుకే బైపాడ్‌ని వీలైనంత ముందుకు బిగించమంటారు. మొదట సంచి మంచిది కుట్టించుకుని, ఆ తర్వాత ఖరీదైన కాళ్ళ గురించి ఆలోచించండి.

ఇప్పుడు వాలు సంగతి. మేస్త్రీ గోడ కట్టేటప్పుడు రసమట్టం పెట్టి చూస్తాడు కదా, అలాంటి బుడగ గొట్టాన్నే చిన్నగా చేసి టెలిస్కోపు పక్కన బిగిస్తారు. ఎందుకంటారా? 100 గజాలకు గురి సరిచేసిన .308 రైఫిల్‌తో 1,000 గజాలకు కొడితే తూటా దారిలో దాదాపు 10 మీటర్లు కిందికి జారిపోతుంది. భూమి లాగుతుంది మరి! ఆ 10 మీటర్లకు సరిపడా బారెల్‌ని పైకెత్తి కొడతారు. రైఫిల్ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగిందనుకోండి, మీరు పైకెత్తిన ఆ ఎత్తు కూడా ఒక డిగ్రీ ఒరుగుతుంది. సైన్ ఒక డిగ్రీ విలువ 0.0175. దాన్ని 10 మీటర్లతో గుణిస్తే 17.5 సెంటీమీటర్లు. అమెరికాలో వాడే ఎఫ్-క్లాస్ అట్ట మీద పది మార్కుల వలయం అడ్డుకొలత 10 అంగుళాలు, అంటే కేంద్రం నుంచి అంచుకు 12.7 సెంటీమీటర్లే. గాలి ఏ పాపం చేయకపోయినా, గురి సూటిగా ఉన్నా, మీ పది తొమ్మిదయింది.

ఆ ఒక్క డిగ్రీ ఎక్కడి నుంచి వస్తుంది? కందిగింజంత రాయి చాలు. బైపాడ్ పాదాల మధ్య పాతిక సెంటీమీటర్ల ఎడం ఉంటే, ఒక పాదం కింద అయిదు మిల్లీమీటర్ల రాయి పడితే రైఫిల్ డిగ్రీకి పైనే ఒరుగుతుంది. పాదాల ఎడం యాభైకి పెంచితే ఒరుగు సగమవుతుంది. పోటీ బైపాడ్‌లు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చోవడానికి ఇదొక కారణం. ఇంకొకటీ ఉంది. బారెల్ లోపల మరచుట్టుగా గాడులుంటాయి, తూటాని గింగిరాలు తిప్పడానికి. 10 అంగుళాలకు ఒక చుట్టు ఉండే బారెల్లోంచి సెకనుకు 790 మీటర్ల వేగంతో వచ్చే తూటా సెకనుకు మూడువేల చుట్లకు పైగా తిరుగుతుంది. తూటా ఒకవైపు తిరిగితే రైఫిల్ రెండోవైపు మెలి తిరగాలని చూస్తుంది. పాదాలు ఎడంగా ఉంటే ఆ మెలికను నేలే ఆపుతుంది.

కాళ్ళు పొట్టిగా ఉన్నా, వెడల్పు తక్కువైనా, పైన ఒక కీలు ఉండి కాళ్ళు కదలకుండానే రైఫిల్‌ని కాస్త అటూ ఇటూ ఒరగనిచ్చే రకాలు దొరుకుతాయి. రసమట్టం బుడగ మధ్యకు వచ్చేదాకా ఒరిగించి బిగించాలి. ఎగుడుదిగుడు నేలల మీద ఆడేవాళ్ళకు ఈ కీలు లేని బైపాడ్ దండగ. అయితే కీలు బిగించాక చేత్తో ఊపి చూడండి. టకటకమంటే దాన్ని కొట్టువాడికే తిరిగి ఇచ్చేయండి.

ఎత్తు ఎంతుండాలి? బోర్లా పడుకుని కొట్టేవాళ్ళకు 6 నుంచి 9 అంగుళాలు సరిపోతుంది. "ఎక్కువ సాగేది కొంటే అన్నిటికీ పనికొస్తుంది కదా" అనిపిస్తుంది. ఇక్కడ ఒక లెక్క ఉంది. ఒక కొసన బిగించిన కడ్డీ రెండో కొసన నొక్కితే ఎంత వంగుతుందన్నది దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. కాలిని 6 నుంచి 12 అంగుళాలకు సాగదీస్తే వంపు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు! పొలంగట్టు గడ్డి మీదుగా చూడాల్సినవాడికి పొడుగు కాళ్ళు తప్పవు. చదునైన మైదానంలో ఆడేవాడికి అవి చేటు.

తర్వాత పాదాలు. రబ్బరు పాదాలు సిమెంటు గచ్చు మీద పెడితే రైఫిల్ తన్నగానే బంతిలా ఎగిరి పడుతుంది. మెత్తటి మట్టిలో మొనదేలిన మేకులు దిగబడి నిలుస్తాయి. పోటీలో తివాచీ పరుచుకునే చోట స్కీ పలకల్లాంటి పాదాలు హాయిగా వెనక్కి జారుతాయి. నేలకు తగ్గ పాదం మార్చుకునే వీలుంటే సగం గొడవ తీరినట్టే. కొందరు భుజంతో రైఫిల్‌ని ముందుకు ఒత్తి, కాళ్ళలో వదులు లేకుండా చేసి కొడతారు. ఇంకొందరు దాన్ని అస్సలు ఒత్తరు, దాని మానాన దాన్ని జారనిస్తారు. ఏదైనా మంచిదే. ఒకసారి ఇలా, ఒకసారి అలా చేస్తేనే చెడింది. ఒత్తే అలవాటుంటే మేకులో రబ్బరో కావాలి, జారనిచ్చే అలవాటుంటే పలకలు కావాలి. ముందు మీ అలవాటేదో తేల్చుకోండి.

బిగింపు గురించి ఒక్క మాట. రైఫిల్ కింద పట్టాలో అడ్డంగా గాడులుంటాయి. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధాగారం పేరు మీద దాన్ని పికటిన్నీ రైలు అంటారు. కెమెరా స్టాండ్ల నుంచి వచ్చిన ఆర్కా-స్విస్ పట్టా కూడా ఇప్పుడు బాగా వాడుతున్నారు. మీ రైఫిల్‌కి ఏది ఉంటే బైపాడ్‌కి అదే ఉండాలి. అంతకన్నా ముఖ్యం, బిగించాక రైఫిల్ చెక్క వంగి బారెల్‌కి తగలకూడదు. చాంబర్ ఖాళీగా ఉందని కళ్ళతో చూసి, వేలితో తడిమి చూసుకున్నాక, రైఫిల్‌ని బైపాడ్ మీద నిలబెట్టి మామూలుగా ఎంత ఒత్తుతారో అంతా ఒత్తండి. ఒక కరెన్సీ నోటు తీసుకుని, బారెల్‌కీ చెక్కకీ మధ్య సందులోకి ముందు నుంచి వెనక్కి జరపండి. ఎక్కడా పట్టకుండా పోయిందా, మంచిది. మధ్యలో తట్టుకుందా, లోపం చెక్కలో ఉంది. ఎంత ఖరీదైన బైపాడ్ తెచ్చినా అది తీరదు.

ఇన్నీ విన్నాక పేర్లు అడుగుతారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో తయారయ్యే హారిస్ బైపాడ్ దశాబ్దాలుగా నడుస్తోంది. తేలిక, చవక, మడిస్తే చిన్నదవుతుంది. అందులో ఒరిగే కీలున్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి, చూసుకోవాలి. అట్లాస్ బైపాడ్ కాళ్ళు ముందుకూ వెనక్కూ రకరకాల కోణాల్లో నిలుస్తాయి, ఖరీదూ అలాగే ఉంటుంది. ఎఫ్-టీఆర్ వాళ్ళు ఇండోనేషియాకు చెందిన సెబ్ లాంబాంగ్ తయారుచేసే జాయ్‌పాడ్ ఇష్టపడతారు. దాంట్లో ఒక్క కర్ర పట్టుకుని గురిని నాలుగు వైపులకూ కదపొచ్చు, కాళ్ళేమో చాలా ఎడం. పోటీకి దిగేవాళ్ళు తూకం మరిచిపోకూడదు. బైపాడ్‌లో 300 గ్రాములు పెరిగితే, 8.25 కిలోల లోపు ఉండటానికి బారెల్లోనో టెలిస్కోపులోనో అంత తగ్గించుకోవాలి.

కొనేముందు వీలైతే ఎవరిదైనా అరువు తెచ్చుకుని, మీరు ఆడే నేల మీదే పరీక్షించండి. అయిదు తూటాలు కొట్టండి. రైఫిల్‌ని పూర్తిగా ఎత్తి పక్కన పెట్టి, లేచి నాలుగడుగులు నడిచొచ్చి, మళ్ళీ మొదటి నుంచి అమర్చుకుని, అదే గురితో ఇంకో అట్ట మీద అయిదు కొట్టండి. రెండు అట్టలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. రెండు గుంపులూ ఒకే చోట పడితే ఆ బైపాడ్ మీకు సరిపోయినట్టే. ఒక్కో గుంపూ చిన్నగా ముద్దొస్తూ ఉండి, రెండూ చెరోచోట ఉన్నాయా, అమర్చిన ప్రతిసారీ ఏదో మారుతోందన్నమాట. అప్పుడు పాదాలు, కీలు, వెనక సంచి వరసగా చూసుకుంటూ రండి. డబ్బు సంచీ మాత్రం ఇప్పుడే విప్పకండి.