విమానాశ్రయంతో హుస్సేనీ ఆలంకు ఏం పని?

హుస్సేనీ ఆలం చార్మినారుకు పడమటి వైపున ఉన్న పాత మొహల్లా. ఆషుర్‌ఖానాలో నిలిపే ఆలం పేరే ఆ వాడకు వచ్చింది. మొహర్రం నెలలో ఊళ్లల్లో పీర్లనెత్తే మాల మాదిగలకు ఈ పేరు పరాయిదేమీ కాదు. ఇక్కడి ఇరుకు గల్లీల నుంచి శంషాబాద్ విమానాశ్రయం సుమారు 20 కిలోమీటర్లు. ఈ గల్లీల్లో విమానం ఎక్కినవాళ్లు ఎంతమంది ఉంటారు? గల్ఫ్‌కు కూలికి పోయినవాళ్లు, హజ్‌కు పోయినవాళ్లు కొందరుంటారు. మిగిలినవాళ్లకు విమానమంటే నెత్తిమీది చప్పుడే. అలాంటప్పుడు దళితులు, పేద ముస్లిములు విమానాశ్రయం గురించి ఎందుకు ఆలోచించాలి అని అడిగేవాళ్లున్నారు.

ఈ ప్రశ్నను తిప్పి అడగాలి. విమానాన్ని మనం ఎక్కకపోవచ్చు. కానీ విమానాశ్రయం మన భూమి మీదికి, మన కొలువు మీదికి, మన ఇంటి ముందరి రోడ్డు మీదికి వచ్చింది. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

భూమి

2008 మార్చి దాకా హైదరాబాదు విమానాలన్నీ బేగంపేట నుంచే ఎగిరేవి. నగరం చుట్టుముట్టేసరికి అక్కడ జాగ చాలదన్నారు. శంషాబాద్ దగ్గర కొత్త విమానాశ్రయానికి 2005 మార్చి 16న పునాదిరాయి వేశారు. 2008 మార్చి 23న అక్కడి నుంచి రాకపోకలు మొదలయ్యాయి. దీనికి తీసుకున్న భూమి దాదాపు 5,500 ఎకరాలు.

నగరం చుట్టూ ఏ పెద్ద ప్రాజెక్టు వచ్చినా అధికారుల కన్ను ముందు పడేది ప్రభుత్వ భూమి మీదే. కాగితాల్లో ప్రభుత్వ భూమి అని ఉన్నదంతా ఖాళీ భూమి కాదు. అందులో లావణి పట్టాలున్నాయి, అసైన్డ్ భూములున్నాయి, ఊరి వెట్టి చేసినందుకు సేత్‌సింధీలకు, నీరటికాండ్లకు దక్కిన ఇనాం చెలకలున్నాయి. తెలంగాణలో దళితుడి చేతికి భూమి వచ్చిందంటే చాలావరకు ఈ దారుల్లోనే వచ్చింది. కొనుక్కునే స్థోమత ఎక్కడిది?

ఇక్కడ ఒక చట్టం గురించి తెలుసుకోవాలి. పేదలకిచ్చిన భూమిని పెద్దలు కారుచౌకగా రాయించుకోకుండా 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ 'ఈ భూమి అమ్మడానికి వీల్లేదు' అన్న షరతునే పట్టుకుని, ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకునేటప్పుడు 'నువ్వు యజమానివి కావు, నీకు పరిహారం లేదు, దయతో ఏదో ఇస్తాం' అనే పద్ధతి నడిచింది. పక్కపక్కనే ఉన్న రెండు చెలకల్లో పట్టాదారు రెడ్డికి పరిహారం, అసైన్డ్‌దారు మాదిగకు ఎక్స్‌గ్రేషియా! రక్షణగా ఇచ్చిన కంచె ఉరితాడయింది.

దీన్ని తోసిపుచ్చింది 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇచ్చిన తీర్పు. ప్రజాప్రయోజనం కోసం అసైన్డ్ భూమిని తీసుకుంటే పట్టాదారుతో సమానంగా అసైన్డ్‌దారుకూ పరిహారం ఇవ్వాలన్నది దాని సారం. ఈ కేసులో ఎదుటి పక్షం రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్ భూసేకరణ అధికారే. అంటే ఈ కొట్లాట నగరం అంచునే పుట్టింది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం కూడా అసైన్డ్‌దారును బాధిత కుటుంబంగానే లెక్కించింది.

భూమే లేని కూలివాళ్ల సంగతి? 1894 నాటి పాత చట్టం కింద వాళ్లు లెక్కలోనే లేరు. పొలం పోయినవాడికి డబ్బు వచ్చింది. ఆ పొలంలో నాటువేసి కలుపుతీసిన చేతులకు పని మాత్రమే పోయింది. అలా పని పోయిన కూలి మనిషికి పట్నం బస్తీ తప్ప వేరే దారి ఉండదు.

కొలువు

బేగంపేట విమానాశ్రయాన్ని నడిపింది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన ఈ కేంద్ర సంస్థ ప్రభుత్వరంగం కాబట్టి అందులో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లున్నాయి. శంషాబాద్ కథ వేరు. మొదట్లో జీఎంఆర్‌కు 63 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13, మలేషియా సంస్థకు 11 శాతం వాటాలు. తర్వాత మలేషియా సంస్థ తన వాటాను జీఎంఆర్‌కే అమ్మడంతో ఆ కంపెనీ చేతిలో 74 శాతం చేరింది.

మెజారిటీ వాటా ప్రైవేటు కంపెనీది కాబట్టి రాజ్యాంగం 16(4) అధికరణ అక్కడికి పోదు. ఆ అధికరణ రాజ్యం కింది ఉద్యోగాలకే వర్తిస్తుంది. భూమి తీసుకునేటప్పుడు ఇది 'ప్రజాప్రయోజనం'. భూమి ప్రభుత్వమే సమకూర్చింది. 107 కోట్ల గ్రాంటు, 315 కోట్ల వడ్డీలేని అప్పు కూడా రాష్ట్రమే ఇచ్చింది. కొలువుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది ప్రైవేటు! ప్రజల భూమి, ప్రజల డబ్బు పడ్డచోట ప్రజల్లో ఆరోవంతుకు పైగా ఉన్న దళితుల వాటా ఎక్కడ? 2024 నవంబరులో మొదలైన తెలంగాణ కులసర్వే ప్రకారం రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం. ఇళ్లను లెక్కపెట్టారు. కొలువులను కులంవారీగా లెక్కపెట్టి బయటపెట్టమంటే ఎవరూ ముందుకు రారు.

విమానాశ్రయం ఊడ్చే పని, మరుగుదొడ్లు కడిగే పని కాంట్రాక్టు మీద నడుస్తుంది. ఆ పనికి రిజర్వేషన్ అడగాల్సిన అవసరం మనకు ఎన్నడూ రాలేదు. కుల వ్యవస్థ దాన్ని ఎప్పుడో మన పేర రాసిపెట్టింది.

ఇది లోకమంతటా ఇట్లాగే ఉంటుందని సర్దిచెప్పేవాళ్ల కోసం అమెరికాలోని అట్లాంటా సంగతి చెప్పాలి. 1973లో ఆ నగరానికి మొదటి నల్లజాతి మేయరుగా మేనార్డ్ జాక్సన్ ఎన్నికయ్యాడు. అప్పుడు అక్కడ పెద్ద విమానాశ్రయం కట్టే ప్రయత్నంలో ఉన్నారు. కాంట్రాక్టుల్లో 25 శాతం నల్లజాతి తదితర మైనారిటీల సంస్థలకు దక్కాల్సిందేనని జాక్సన్ పట్టుబట్టాడు. లేకపోతే కట్టడమే వద్దన్నాడు. వ్యాపారులు, పత్రికలు గగ్గోలు పెట్టినా ఆయన తగ్గలేదు. 1980లో కొత్త టెర్మినల్ తెరిచారు. ఈరోజు ఆ విమానాశ్రయం పేరులో జాక్సన్ పేరు కూడా ఉంది. మన దగ్గర 2012 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్న విధానం ఉంది. ప్రైవేటు చేతిలోని విమానాశ్రయానికి ఆ బంధనం కూడా లేదు.

నైపుణ్య శిక్షణ ఇస్తున్నారు కదా అంటారు. ఇస్తున్నారు, నిజమే. నేర్చుకున్నవాళ్లు బాగుపడితే సంతోషమే. కానీ దాత ఇచ్చినన్నాళ్లే ఉండేది దయ. అడిగి తీసుకోగలిగింది హక్కు.

రోడ్డు

2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరిచారు. నగరం పడమటి భాగం నుంచి విమానాశ్రయానికి పోయేవాళ్లు పాతబస్తీ ముఖం చూడనక్కర్లేకుండా దాటిపోయే దారి అది. 2025 జనవరిలో జూపార్కు, ఆరాంఘర్ మధ్య మరో ఫ్లైఓవర్ వచ్చింది. మెట్రో రైలు 2017 నవంబరులో మొదలై 2020 నాటికి 69 కిలోమీటర్లకు చేరింది. పాతబస్తీ ముక్క మాత్రం మిగిలిపోయింది. 2022 డిసెంబరులో విమానాశ్రయ మెట్రోకు పునాదిరాయి వేసినప్పుడు కూడా దాన్ని రాయదుర్గం నుంచి, అంటే ఐటీ కంపెనీల దగ్గర నుంచి అనుకున్నారు. 2023 చివర్లో ప్రభుత్వం మారాక ఆ ప్రతిపాదన రద్దయింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర పాతబస్తీ మెట్రోకు పునాదిరాయి పడింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. విమానాశ్రయ మార్గం కూడా చాంద్రాయణగుట్ట మీదుగా పోవాలన్నది కొత్త ఆలోచన.

పాతబస్తీకి మెట్రో రావాల్సిందే. ఇన్నేళ్లు రాకపోవడమే వివక్ష. అయితే రోడ్డు వెడల్పులో పోయే ఆస్తులకు గజానికి 81,000 రూపాయలు నిర్ణయించి 2025 జనవరి నుంచి చెక్కులు పంచారు. చెక్కు ఎవరి పేరు మీద వస్తుంది? ఇంటి కాగితం ఎవరి పేరు మీద ఉందో వాళ్ల పేరు మీద. కిరాయికి కుట్టుమిషను పెట్టుకున్నవాడు, గడప ముందు చెప్పులు కుట్టేవాడు, బండిమీద పండ్లమ్మే ఆడమనిషి ఎక్కడికి పోవాలి? హుస్సేనీ ఆలం ఆ మెట్రో దారిలో లేదు. కానీ అక్కడ లేచిపోయినవాళ్లు కిరాయి ఇళ్లు వెతుక్కునేది ఇలాంటి మొహల్లాల్లోనే. కిరాయిలు పెరిగితే ముందు ఖాళీ చేయాల్సింది ఇక్కడి పేదలే.

2013 చట్టం ఈ మనుషులను పూర్తిగా మరచిపోలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా పట్టణ భూమిలో నివసిస్తున్న కుటుంబాన్నీ, మూడేళ్లుగా బతుకుదెరువు ఆ జాగ మీదే ఆధారపడి అది దెబ్బతిన్న కుటుంబాన్నీ బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. యజమాని కానంత మాత్రాన ఏమీ రాదనుకోవడం తప్పు. కిరాయి రసీదు, కరెంటు బిల్లు, రేషను కార్డు, బండి లైసెన్సు, పిల్లల బడి సర్టిఫికెట్ - ఆ మూడేళ్లను నిరూపించే ఏ కాగితాన్నయినా దాచిపెట్టుకోవాలి.

పాత పాఠం

1908 మూసీ వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ కట్టింది. సరిగ్గా ఆ కాలంలోనే భాగ్యరెడ్డివర్మ ఈ నగరపు బస్తీల్లో తిరుగుతున్నాడు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం పెట్టాడు. అంటరాని పిల్లలకు బడులు తెరిచాడు. 'మేం పంచములం కాదు, ఆదిహిందువులం' అని వాదించాడు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు సంస్థానం ఆ పేరును నమోదు చేసింది. పేరు మార్పుకోసమే ఇదంతా చేశాడనుకుంటే పొరపాటు. ఈ నేలకు మొదటి హక్కుదారులం మేమే అని చెప్పడం అది.

ఈరోజు ఆ మాటను లెక్కల్లో చెప్పాలి. విమానాశ్రయంలో రాష్ట్రానికి 13 శాతం వాటా ఉంది. ఆ వాటాదారు హోదాతోనే ప్రభుత్వం కులంవారీగా ఉద్యోగుల లెక్క అడగాలి. కాంట్రాక్టుల్లో, దుకాణాల్లో దళిత బహుజన ముస్లిం సంస్థలకు వాటా షరతు పెట్టాలి. మెట్రో కింద లేచిపోయే కిరాయిదారుల జాబితా బస్తీ సభల్లో చదివి వినిపించాలి. శంషాబాద్ టెర్మినల్‌ను ఏడాదికి 1.2 కోట్ల ప్రయాణికుల నుంచి 3.4 కోట్లకు పెంచారు. అది ఇంకా పెరుగుతుంది. ఆ పెరుగుదలలో హుస్సేనీ ఆలం పిల్లకు దక్కేది చీపురా, కౌంటరా అన్నది ఈ లెక్కలు అడిగేవాళ్లున్నారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది.