చేతులకున్న జ్ఞాపకం

సైకిలు తొక్కడం మీరు ఏ తేదీన నేర్చుకున్నారు? ఆ రోజు ఏ చొక్కా తొడుక్కున్నారు? చెప్పలేరు కదూ! కాని ఇప్పుడు సైకిలెక్కితే కాళ్ళు తడబడవు. జరిగిన సంగతి గుర్తుండడం వేరు, చేసే పని గుర్తుండడం వేరు అన్నమాట.

ఈ తేడా హెన్రీ మోలిసన్ అనే అమెరికన్ వల్ల శాస్త్రజ్ఞులకు స్పష్టమయింది. మూర్ఛలు తగ్గించడానికి 1953లో అతని మెదడులో రెండు పక్కలా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసివేశారు. ఆ తరువాత కొత్త సంగతి ఏదీ అతని మనసులో నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. మూడు రోజుల అభ్యాసంలో తప్పులు బాగా తగ్గాయి. చిత్రమేమంటే, ఆ పని అంతకు ముందు చేసినట్టే అతనికి తెలియదు! (మీరూ ప్రయత్నించండి. చేయి కనబడకుండా పుస్తకం అడ్డుపెట్టి, ఎదుట అద్దం నిలిపి, అందులో చూస్తూ నక్షత్రం గీతల వెంట పెన్సిలు నడపండి. మొదటిసారి నవ్వొస్తుంది.)

వృద్ధులలో కొందరికి వచ్చే డిమెన్షియాలో, ముఖ్యంగా అల్జీమర్స్ రకంలో, ముందుగా దెబ్బతినేవాటిలో ఈ హిప్పోకాంపస్ ఒకటి. పనుల అలవాటును కాపాడే బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు సాధారణంగా ఇంకా చాలాకాలం నిలుస్తాయి.

ఇప్పుడు బోరబండలో ఒక ఇల్లు ఊహించుకోండి. ఆ ఇంటి నాయనమ్మకు పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు. మనవణ్ణి కొడుకు పేరుతో పిలుస్తుంది. "నీకెందుకమ్మా, ఊకె కూసో" అంటారందరూ. ఊరికే కూర్చున్న నాయనమ్మ పొద్దు గుంకేసరికి "మా ఇంటికి పోత" అంటూ తలుపు దగ్గర తచ్చాడుతుంది.

ఆమె ఒళ్ళో బియ్యం పోసిన చాట పెట్టి చూడండి. వేళ్ళు వాటంతటవే రాళ్ళు ఏరవచ్చు. తంగేడు, గునుగు పూలు తెచ్చి ముందు పోస్తే బతుకమ్మ వరసలు పేర్చవచ్చు. దీనితో జబ్బు నయం కాదు. ఆ పూట ఆందోళన తగ్గవచ్చు, ఇంట్లో తనకూ ఒక పని ఉన్నదనిపిస్తుంది. అందుకే అది ఉత్తుత్తి పని కాకూడదు. ఆమె ఏరిన బియ్యమే ఆ పూట వండాలి.

మారియా మాంటిస్సోరి చిన్నపిల్లల కోసం రూపొందించిన బోధనా పద్ధతిని 1990లలో కామెరాన్ క్యాంప్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఇలాంటి రోగులకు మలిచారు. చెప్పడం తక్కువ, చేసి చూపడం ఎక్కువ. కాబట్టి "నాయనమ్మా, ఇది గుర్తుందా?" అని పరీక్ష పెట్టకండి. పక్కన కూర్చుని మీరే మొదలుపెట్టండి. పూల రంగులు కలిసిపోతే కలవనివ్వండి. పొయ్యి, కత్తిపీట మాత్రం దూరంగా ఉంచండి.

మాట్లాడడం కూడా పనే సుమా! బోరబండకు దగ్గరలోనే, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించింది. ఒకే భాష మాట్లాడేవారికంటే, రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు 2013లో ప్రకటించింది. బడికి వెళ్ళనివారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండో భాషకు పెద్ద చదువు అక్కరలేదు. మన హైదరాబాదులో అది బజారులోనే అబ్బుతుంది.

రేపు కూరగాయల బండి వచ్చినప్పుడు నాయనమ్మ ఉర్దూలో బేరమాడబోతే, ఆమెనే ఆడనివ్వండి. చిల్లర లెక్క మీరు చూసుకోండి.