చప్పుడు చేయని రెక్క

ఎగిరే రెక్క చేసే చప్పుడులో ఎక్కువ భాగం దాని వెనక అంచున పుడుతుంది. రెక్కను ఒరుసుకుంటూ సాగే గాలి చిన్న చిన్న సుడులుగా చెదురుతుంది. పదునైన అంచును దాటేటప్పుడు ఆ సుడుల శక్తిలో కొంత ధ్వనిగా మారుతుంది. ఈ ధ్వని, గాలి వేగపు ఐదో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందని ఫోక్స్ విలియమ్స్, హాల్ 1970లో గణితపరంగా చూపారు. ఆ లెక్కన వేగం సగమైతే ధ్వని 32వ వంతుకు, అంటే దాదాపు 15 డెసిబెల్స్ మేర పడిపోతుంది.

చప్పుడు లేకుండా ఎగిరే గుడ్లగూబకు మొదటి అనుకూలత ఈ వేగంలోనే ఉంది. యూరప్‌లోని బార్న్ ఔల్ అనే గుడ్లగూబ రెక్కలు చాపితే 90 సెంటీమీటర్ల దాకా ఉంటాయి; బరువు చూస్తే 300 గ్రాముల పైచిలుకే. అంత పెద్ద రెక్కల మీద అంత తేలికైన ఒళ్లు కాబట్టి నెమ్మదిగా ఎగిరినా కింద పడదు.

నెమ్మది ఒక్కటే చాలదు. ఈకల్లోని మూడు ప్రత్యేకతలను ఆర్.ఆర్. గ్రాహమ్ 1934లో వివరించారు. రెక్క కొసన ఉండే పొడవాటి ఈక ముందు అంచున, దువ్వెన పళ్లలా విడివిడిగా నిలిచిన గట్టి పోగులు కొద్దిగా వంపు తిరిగి కనిపిస్తాయి. అవి ఎదురొచ్చే గాలిని సన్నని పాయలుగా చీలుస్తాయి. ప్రవాహం రెక్కను వదిలిపోకుండా కాస్తాయని పరీక్షలు సూచిస్తున్నాయి. వెనక అంచున పోగులు కలిసి ఉండక, మెత్తటి కుచ్చులా వేలాడతాయి. రెక్క ఒక్కసారిగా తెగిపోకుండా క్రమంగా గాలిలో కలిసిపోవడంతో సుడుల చప్పుడు బలహీనపడుతుంది.

మూడోది ఈకల పైన పరుచుకున్న నూగు. దువ్వెనకు వచ్చినంత పేరు దీనికి రాలేదు కానీ, రావలసింది. రెక్క ఆడించినప్పుడు ఈక మీద ఈక రాసుకుంటుంది. కాకి, పావురం ఎగిరినప్పుడు వినిపించే గరగరలో ఈ రాపిడికీ వాటా ఉంది. నూగు దాన్ని అణచివేస్తుంది. ఈ మెత్తదనానికి మూల్యమూ ఉంది: ఈకలు తేలిగ్గా తడుస్తాయి, అందుకే వానలో బార్న్ ఔల్ వేట సాగదు.

ఈ నిశ్శబ్దం అన్ని స్వరాలకూ ఒకేలా వర్తించదు. తగ్గేది ముఖ్యంగా 2 కిలోహెర్ట్జ్ పైన ఉండే ధ్వని. ఎలుకల చెవులు చురుగ్గా పనిచేసేది ఆ పై స్థాయిలోనే. గుడ్లగూబ తన వేటను పసిగట్టేదీ అక్కడే. కటిక చీకటిలో కేవలం అలికిడిని బట్టి బార్న్ ఔల్ ఎలుకను పట్టగలదని రోజర్ పేన్ ప్రయోగాలు నిరూపించాయి. సొంత రెక్కల హోరు అడ్డొస్తే ఆ వేట సాధ్యం కాదు.

ఆంధ్ర, తెలంగాణ ఏటి ఒడ్డుల్లో కనిపించే చేపల గుడ్లగూబ, ఈ నిశ్శబ్దం వేట కోసమేననడానికి గట్టి సాక్ష్యం. గాలిలోని శబ్దం నీటి ఉపరితలం దగ్గరే చాలావరకు వెనుదిరుగుతుంది కాబట్టి చేపకు రెక్కల చప్పుడు అందదు. ఈ పక్షి ఎగిరితే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.

ఇంజినీర్లూ ఈ ఈకలను శ్రద్ధగా చదివారు. జపాన్‌లో పక్షులంటే మక్కువ ఉన్న ఇంజినీరు ఎయిజి నకట్సు, 1997లో పట్టాలెక్కిన 500 సిరీస్ షింకాన్సెన్ రైలులో, పైనున్న తీగ నుంచి విద్యుత్తు అందుకునే పాంటోగ్రాఫ్‌కు గుడ్లగూబ దువ్వెనను చూసి చిన్న పళ్ల వరస అమర్చారు. గాలిమరల రెక్కల వెనక అంచున ఇప్పుడు బిగిస్తున్న రంపపు పట్టీలు కూడా, సుడులు అంచు దాటేచోట పుట్టే ఆ ధ్వనిని తగ్గించడానికే.