పంట పోతే షెడ్డు కడుగుతాం, మరి మనసు సంగతి?

ఈసారి ఆకు గురించి, గూళ్ల రేటు గురించి కాదండి, మన గురించే రాస్తున్నాం.

మా పంట ఒకటి నాలుగో జ్వరం లేచాక పోయింది. రాత్రి మేత వేసి పడుకున్నాం. తెల్లారి చూస్తే పురుగులు ఉబ్బి తట్టల అంచులకు పాకుతున్నాయి, ముట్టుకుంటే పాలు కారుతున్నాయి. అన్నీ గొయ్యి తీసి పూడ్చాం, షెడ్డు కడిగి బ్లీచింగ్ వేశాం. మా అన్నయ్యను మాత్రం పట్టించుకోలేదు.

నెల రోజులు ఆయనకు నిద్ర లేదు. తలనొప్పి అన్నాడు, గుండె బరువు అన్నాడు. అప్పు ఇచ్చినాయన ఎదురుపడతాడని బజారుకు పోవడం మానేశాడు. మేము గ్యాస్ మాత్ర ఇచ్చాం. ఒకరోజు వదినతో "నేను లేకపోతే మీకే బాగుంటుంది" అన్నాడు. అప్పుడు భయం వేసింది.

ఇది పిరికితనం కాదు. ఒక్క పంట మీదే బడి ఫీజు, ఆకు ఖర్చు, వడ్డీ అన్నీ ఉంటాయి. పంట పోతే మగవాళ్లు దాదన్ పనికి ఇటుక బట్టీలకు పోతారు. ఇక్కడ ఆకు కోత, రాత్రి మేత, పిల్లలు, అప్పులవాళ్ల మాటలు ఆడవాళ్ల మీదే పడతాయి. 2001లో మన రాయగడ జిల్లా కాశీపూర్‌లో మామిడి టెంకల జీడి తిని జనం చనిపోయారు. అలాంటి ఆకలి చూసిన చోట నష్టమంటే భయం ఎక్కువే.

ఇంకో సంగతి. బజారులో మనం ఒడియా బాగానే మాట్లాడతాం. కానీ "బతకాలని లేదు" అనే మాట మన తెలుగులోనే బయటికొస్తుంది. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బులు అక్కర్లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మేము చేసినవి ఇవి:
1. అన్నయ్యను ఒంటరిగా వదల్లేదు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడిగాం. అడిగితే ప్రమాదం పెరగదు, బరువు దిగుతుంది.
2. పురుగుమందులు, ఫార్మలిన్ తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్లకు ఇచ్చాం.
3. జిల్లా ఆసుపత్రికి తోడు వెళ్లాం.
4. అప్పు ఇచ్చినాయన దగ్గరకు నలుగురం కలిసి వెళ్లి గడువు అడిగాం.

అప్పు ఇంకా ఉంది. అన్నయ్య ఇప్పుడు నిద్రపోతున్నాడు, మళ్లీ చాకీ తెచ్చాడు.

మీ పక్కింట్లో ఎవరైనా రెండు వారాలుగా నిద్ర, తిండి లేక మౌనంగా ఉంటే, పంట ఎలా ఉందని కాదు, నువ్వెలా ఉన్నావని అడగండి.