పాట చెప్పే యుద్ధ పాఠం

తేదీలు, సేనాధిపతుల పేర్లు, ఒప్పందాలు... చరిత్ర పుస్తకం తెరవగానే పిల్లలకు ఆవలింతలు వచ్చేది వీటితోనే. అదే యుద్ధాన్ని ఆ రోజుల్లో జనం పాడుకున్న పాటతో మొదలుపెడితే? బుర్రకథలో అల్లూరి వీరగాథ విన్నవాళ్లకు పాట బలమేంటో చెప్పక్కర్లేదు. అమెరికా స్వాతంత్ర్య సమరాన్ని(1775-83) కూడా అలా చెప్పుకోవచ్చు. అక్కడి బడుల్లో చదివే మన మనవలు, మనవరాళ్లకే కాదు, ఇక్కడి పిల్లలకూ పనికొచ్చే పద్ధతే ఇది.

పాత బాణీ... కొత్త మాట

అప్పట్లో పాటల్ని ఒకవైపే అచ్చువేసిన కాగితాల మీద వీధుల్లో అమ్మేవారు. స్వరాలు ఉండేవి కావు. 'ఫలానా బాణీలో పాడుకోండి' అని రాసేవారంతే. బాణీ అందరికీ తెలిసిందే కాబట్టి చదువురానివాళ్లు కూడా ఒకసారి వింటే పాడేసేవారు.

1768లో జాన్ డికిన్సన్ బ్రిటిష్ పన్నులకు వ్యతిరేకంగా 'లిబర్టీ సాంగ్' రాశాడు. బాణీ ఎవరిదనుకున్నారు? బ్రిటిష్ నావికాదళం పాడుకునేదే! రాజభక్తులు ఊరుకుంటారా? అదే బాణీలో ఎగతాళి పాట కట్టారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు... ఒకే ఊళ్లో జనం ఎలా రెండుగా చీలిపోయారో పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

'యాంకీ డూడుల్' కథ ఇంకా తమాషా. వలస ప్రాంతాల మొరటు సైనికుల్ని వెక్కిరిస్తూ బ్రిటిష్‌వాళ్లు పాడిన పాట అది. 1775లో యుద్ధం మొదలయ్యాక అమెరికన్లు దాన్నే తమ పాటగా చేసుకున్నారు!

పీపాల మీద తుపాకులు

1778 జనవరి. ఫిలడెల్ఫియా బ్రిటిష్‌వారి చేతిలో ఉంది. వాళ్ల ఓడల్ని పేల్చడానికి డేవిడ్ బుష్‌నెల్ పీపాల్లో మందుగుండు కూరి డెలావేర్ నదిలో వదిలాడు. సైనికులు కంగారుపడి నదిలో తేలేవాటి మీద తుపాకులు పేల్చారు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ దీన్ని పొట్టచెక్కలయ్యే పాటగా మలిచాడు. నిజానికి ఒక్క యుద్ధనౌకా మునగలేదు. పీపాను అందుకోబోయినవాళ్ల ప్రాణాలు మాత్రం పోయాయి. పాట నవ్విస్తుంది, నవ్వు వెనకున్న చావును దాచేస్తుంది. పాఠం అసలు మొదలవ్వాల్సింది అక్కడే.

ఓడ పేరు హైదరాలీ!

మనకు ఆశ్చర్యం కలిగించే విశేషం ఒకటుంది. 1782 ఏప్రిల్‌లో డెలావేర్ అఖాతంలో 'జనరల్ మంక్' అనే బ్రిటిష్ ఓడను జాషువా బార్నీ నడిపిన చిన్న ఓడ ఓడించింది. దాని పేరు 'హైదర్ అలీ'. అవును, మన రాయలసీమలోని గుత్తి కోటను మురారిరావు నుంచి గెలుచుకున్న మైసూరు పాలకుడు హైదరాలీయే! బ్రిటిష్‌వారిని ఎదిరించిన వీరుడిగా ఆయన పేరు అంతదూరం పాకింది. ఆ గెలుపు మీద కవి ఫిలిప్ ఫ్రెనో పాట రాశాడు.

పాట చెప్పనిది

ఇంతకీ పాట నిజమే చెబుతుందా? 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోతూ బ్రిటిష్ సేన 'ప్రపంచం తలకిందులైంది' అన్న పాట వాయించిందంటారు. దానికి అప్పటి ఆధారమేదీ దొరకలేదు. ఆ మాట దశాబ్దాల తర్వాతే పుస్తకాలకెక్కింది.

అంతకన్నా పెద్ద మౌనం ఇంకోటి. స్వేచ్ఛ గురించి పాట కట్టిన డికిన్సన్ ఆనాడు బానిసల యజమాని. తర్వాత వాళ్లను విడిచిపెట్టాడు. 1775లో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తమ సేనలో చేరితే స్వేచ్ఛ ఇస్తామన్నాడు. వాళ్లలో చాలామంది అటే వెళ్లారు. దేశభక్తి పాటలు ఒక్కటే వింటే వీళ్లెవరూ కనిపించరు.

అందుకే ముందు పాట పాడించాలి. తర్వాత అడగాలి: రాసిందెవరు? ఎవరిని తిడుతోంది? ఎవరి ఊసే ఎత్తలేదు? ఇషయ్యా థామస్ అనే ముద్రాపకుడు అలాంటి కాగితాలు 300కు పైగా సేకరించి 1814లో అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీకి ఇవ్వబట్టి ఈ ప్రశ్నలు వేయగలుగుతున్నాం.

మన ఇళ్లలోనూ బామ్మలకు, తాతయ్యలకు వచ్చిన పాటలుంటాయి. ఈ ఆదివారం ఒకటి పాడించుకోండి. పిల్లల్ని ప్రశ్నలడగనివ్వండి.