నట్టలూ పుట్టుకా

ఒకే బీడులో మేసిన గొర్రెల్లో కొన్నిటికి నట్టలు విపరీతంగా పట్టడం, పక్కవాటికి అంతగా పట్టకపోవడం మీరు చూసే ఉంటారు. మేతా నీళ్లూ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకండీ? కొంత పుట్టుకతోనే వస్తుంది. ఆ సంగతి వెతికిన వారికి బాగా పనికివచ్చిన జంతువు, మన కొట్టాల్లో తిరిగే చుంచెలుక!

యూరపులో చుంచెలుకలు రెండు తెగలు. పడమట ఒకటి, తూర్పున మరొకటి. రెండూ కలిసే సన్నని పట్టీలో సంకర ఎలుకలు పుడుతుంటాయి. దక్షిణ జర్మనీలో వాటిని పట్టి పేగులు పరీక్షిస్తే నులిపురుగులు, బద్దెపురుగులు సంకరాలలోనే ఎక్కువగా కనిపించాయని 1986లో ప్రకటించారు. తిండిలో తేడా వల్లనేమో అనవచ్చు. అందుకని ప్రయోగశాలలో పెంచి, నులిపురుగు గుడ్లు కావాలనే ఎక్కించి చూశారు. 1993లో వెలువడిన ఫలితమూ అదే.

అయితే సంకరం చెడ్డదేనా? తొందరపడకండి. చెక్, జర్మనీ సరిహద్దులో వందలాది ఎలుకలను పరీక్షించిన 2012 నాటి పరిశోధనలో సంకరాలకే పురుగులు తక్కువ! పేరు చూసి గుణం చెప్పలేమన్నమాట.

గొర్రెల్లోనూ ఇలాంటి తేడా ఉంది. సుందరవనాల బురదనేలల్లో బతికే గరోల్ గొర్రె నెత్తురు పీల్చే నట్టలను బాగా తట్టుకుంటుంది. మీ మందలో ఆ గుణం దేనికుందో కంటికి కనపడదు. మందు తాగించకముందే ఒక్కోదాని పెంటికలు విడివిడిగా పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లి, నట్టల గుడ్లు లెక్కించమనండి. రెండు మూడుసార్లు చూసినా గుడ్లు తక్కువున్న తల్లి పిల్లను విత్తనపు పొట్టేలుగా ఉంచుకోండి. మిగతావాటికి డాక్టరుగారు చెప్పిన మందు మామూలే.